మా ఊరికి ఫైర్ స్టేషన్ కోసం ఇంటికి రెండు వేలు చందా: ఇవ్వాలా, వద్దా?

గట్టుమీద_బాబి
కోనసీమలో మాది మేజర్ పంచాయతీ. ఊరి పేరు రాస్తే చర్చ పార్టీల మీదకు పోతుంది కాబట్టి రాయడం లేదు. మాకు ఫైర్ స్టేషన్ లేదు. ఎక్కడైనా అంటుకుంటే పక్క మండలం నుంచి బండి రావాలి. రెండు కాలువ వంతెనలు దాటాలి, సంత రోజైతే మెయిన్ రోడ్డులో ఇరుక్కోవాలి. పోయిన వేసవిలో కాలనీలో వరసగా తాటాకిళ్ళు కాలిపోయాయి. బండి వచ్చేసరికి తడపడానికి బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఊరి పెద్దలు కమిటీ వేశారు. మనమే స్థలం కొని షెడ్డు కట్టి అప్పగిస్తే ప్రభుత్వం స్టేషన్ ఇస్తుందని చెబుతున్నారు. ఇంటికి రెండు వేలు. మూడంతస్తుల డాబాకీ అంతే, కాలనీలో రేకుల ఇంటికీ అంతే. అదే సమయంలో పంచాయతీ డబ్బుతో ఊరి మొదట్లో స్వాగత ద్వారం కడుతున్నారు. ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ ఈ చందా ఏమిటని అడిగితే ఊరి మంచి కోరనివాడిలా చూస్తున్నారు. మీ ఊళ్ళలో స్టేషన్ ఎలా వచ్చింది? డబ్బు ఎవరు పెట్టారు?

కొబ్బరి_వర్తకం
మీ ఊరు ఏదో నాకు అర్థమైంది, మాది ఆ పక్కదే. ఇచ్చేయండి బాబి గారూ, రెండు వేల దగ్గర పంతం ఎందుకు? మా కొబ్బరి పీచు యూనిట్ అంటుకున్నప్పుడు బండి రావడానికి ముప్పావు గంట పట్టింది. పీచు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల రగులుతూనే ఉంటుంది. మర్నాడు సాయంత్రం దాకా పొగ ఆగలేదు. స్టేషన్ దగ్గర్లో ఉంటే సగం సరుకైనా దక్కేది. మీ ఊళ్ళో బండి పెడితే మాకూ పనికొస్తుంది. నా వంతు యాభై వేలు ఇస్తానని కమిటీకి చెప్పండి.

లంక_శ్రీను
యాభై వేలు ఇవ్వగలవాళ్ళకు రెండు వేలు లెక్క కాదండి. కొబ్బరి దింపుకు వెళ్ళే ఇంట్లో రెండు వేలంటే నెల సరుకులు. కాలిపోయిన కాలనీ వాళ్ళ దగ్గర కూడా వసూలు చేస్తారా?

గట్టుమీద_బాబి
చేస్తారట. "అందరూ ఇస్తేనే అందరిదీ అవుతుంది" అంటున్నారు.

లెక్కల_మాస్టారు
కమిటీ ఖర్చుల అంచనా ఏమైనా కాగితం మీద పెట్టిందా? అది చూడకుండా ఇవ్వాలా వద్దా అని ఎలా చెప్పగలం?

గట్టుమీద_బాబి
ఒక పేజీ పంచారు. మూడున్నర వేల గడపలు, మొత్తం 70 లక్షలు. సెంటు లక్షన్నర చొప్పున 20 సెంట్లకు 30 లక్షలు. షెడ్డు, సిబ్బంది గది, బోరు, ప్రహరీ కలిపి 40 లక్షలు. అంతవరకే ఉంది.

లెక్కల_మాస్టారు
అంటే జీతాల మాట లేదు. ఒక్క బండి స్టేషన్ ఇరవై నాలుగు గంటలూ నడవాలంటే ఆఫీసరు, లీడింగ్ ఫైర్‌మన్లు, డ్రైవర్లు, ఫైర్‌మన్లు అంతా కలిపి పదిహేను మంది దాకా కావాలి. తలకు సగటున నెలకు 45 వేలు వేసుకోండి. ఏడాదికి 81 లక్షలు. డీజిలు, టైర్లు, హోసులు, యూనిఫాంలు వేరు. మీ ఊరంతా కలిసి పోగుచేసే 70 లక్షలు ఒక్క ఏడాది జీతాలకు కూడా చాలవు. షెడ్డు ఒకసారి కడితే అయిపోతుంది, జీతం ప్రతి నెలా ఇవ్వాలి. గేదెను కొనడానికి చందా వేశారు సరే, రోజూ గడ్డి ఎవరు వేస్తారు?

కరెంటు_రాజు
జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది కదా మాస్టారూ. ఫైర్ డిపార్ట్‌మెంట్ రాష్ట్రానిది.

లెక్కల_మాస్టారు
ఇస్తుంది, పోస్టులు మంజూరు చేస్తే. చేస్తామని రాసిచ్చిన కాగితం కమిటీ దగ్గర ఉందా అన్నదే నా ప్రశ్న.

మల్లన్న_కరీంనగర్
ఈ కథ మా దగ్గర ఇదివరకే నడిచింది. మార్కెట్ యార్డుల పత్తి కాలిన తర్వాత వ్యాపారులందరు పైసలు వేసుకుని షెడ్డు కట్టించిన్రు. రిబ్బన్ కటింగ్ అయింది, బండి వచ్చింది, ఫోటోలు దిగిన్రు. సిబ్బందిని మాత్రం వేరే స్టేషన్ నుంచి డిప్యుటేషన్ మీద పంపిన్రు. కొన్ని నెలలకు ఎవరి స్టేషన్‌కు వాళ్ళు పోయిన్రు, వెనకనే బండి కూడా పోయింది. ఇప్పుడు ఆ షెడ్డుల యూరియా బస్తాలు పెడుతున్నరు. ఇటుకల కన్నా ముందు పోస్టుల సంగతి అడగండి.

కొబ్బరి_వర్తకం
ఒక్కచోట అలా అయిందని అన్నిచోట్లా అవుతుందా? చిన్న ఊళ్ళలో మొదట ఔట్‌పోస్టుగా పెట్టి తర్వాత పూర్తి స్టేషన్ చేసినవి ఎన్ని లేవు? అసలు స్థలమే లేదంటే ఫైలు కదలదు.

రిటైర్డ్_బ్రాంచిమన్
ముప్పై ఏళ్ళు ఈ ఉద్యోగంలోనే ఉన్నాను, లీడింగ్ ఫైర్‌మన్‌గా దిగిపోయాను. కొన్ని విషయాలు తెలిస్తే మీ చర్చ సరైన దారిలో పడుతుంది.

తాటాకిల్లు పది నిమిషాల్లో పోతుంది. స్టేషన్ మీ ఊళ్ళోనే ఉన్నా మొదట అంటుకున్న ఇంటిని కాపాడటం చాలాసార్లు కుదరదు. మేము వెళ్ళేది రెండో ఇంటి కోసం, మూడో ఇంటి కోసం. మధ్యాహ్నం వడగాలికి నిప్పురవ్వలు నాలుగిళ్ళ అవతల పడతాయి. ఊళ్ళో బండి ఉంటే ఒక ఇల్లు పోతుంది, పక్క మండలం నుంచి రావాలంటే వీధి పోతుంది. తేడా అక్కడ. మన దేశంలో స్టేషన్ల కొరత మీద చేసిన అధ్యయనాల్లో పట్టణాలకు 5 నుంచి 7 నిమిషాలు, పల్లెలకు 20 నిమిషాల్లో బండి చేరాలని కొలత పెట్టుకున్నారు. వ్యాపారి గారికి ముప్పావు గంట పట్టిందన్నారు, అది కొలతకు రెట్టింపు దాటింది.

రెండోది నీళ్ళు. మామూలు నీళ్ళ బండి, అంటే వాటర్ టెండర్‌లో 4,500 లీటర్లు పడతాయి. రెండు బ్రాంచిలతో (హోసు చివర నీళ్ళు చిమ్మే గొట్టాలు) గట్టిగా కొడితే పది నిమిషాల్లోపే ఖాళీ. తర్వాత నీళ్ళు ఎక్కడివి? కోనసీమలో కాలువలకేం తక్కువ అంటారు. డెల్టా కాలువలు ఏప్రిల్ మధ్యలో కట్టేస్తారు, మళ్ళీ వదిలేది జూన్‌లో. ఇళ్ళు కాలేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పోర్టబుల్ పంపు కాలువలోకి దించితే బురద పీల్చిన రోజులు నాకు గుర్తున్నాయి. కమిటీ కాగితంలో బోరు ఉందన్నారు. బోరు నీళ్ళతో బండి నింపడానికి ఎంతసేపు పడుతుందో అడిగారా? కావలసింది పెద్ద సంపు, ఎత్తు మీద ట్యాంకు.

మూడోది దారి. మీ కాలనీ సందుల్లోకి పెద్ద బండి తిరగదు. నీళ్ళు తుంపరగా చిమ్మే మిస్ట్ జెట్ లాంటి చిన్న బండి అడగండి.

లంక_శ్రీను
కాలువలు కట్టేసే సంగతి నాకు తట్టనే లేదు. పుట్టి పెరిగింది ఇక్కడే.

రాజోలు_ఆడపడుచు
బ్రాంచిమన్ గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా మేనత్త వాళ్ళ వీధి కాలినప్పుడు చూశాను. మగవాళ్ళంతా పనుల్లో ఉన్నారు, చేతిపంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టారు. ముందు సిలిండర్లు బయటకు లాగింది కూడా వాళ్ళే. తర్వాత రెవెన్యూ వాళ్ళు వచ్చి రాసుకున్నారు. అప్పటి విపత్తు సాయం నిబంధనల్లో గుడిసె పోతే ఎంత ఇచ్చేవారో తెలుసా? 8,000 రూపాయలు. పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్లు, చెవి దుద్దులు, డ్వాక్రా కిస్తీకి దాచిన డబ్బు, అన్నీ కలిపి ఎనిమిది వేలు. ఆ ఇంటి దగ్గర మళ్ళీ స్టేషన్ కోసం రెండు వేలు అడగడానికి నోరెలా వస్తుంది?

కొబ్బరి_వర్తకం
కాలనీ వాళ్ళ దగ్గర తీసుకోవద్దు, ఆ మాట నేనూ అంటాను. వాళ్ళ వంతు మేమే వేస్తాం. కానీ పని ఆపవద్దు.

డల్లాస్_సుబ్బు
ఇక్కడి పద్ధతి చెబుతాను, పోలిక కోసమే. టెక్సాస్‌లో నగరాల బయట ఉండే ప్రాంతాల్లో ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అని, ఫైర్ లాంటి అత్యవసర సేవల కోసం పన్ను వేసే స్థానిక సంస్థ ఉంటుంది. జనం ఓటేసి ఒప్పుకుంటేనే ఏర్పడుతుంది. ఆస్తి విలువలో ప్రతి వంద డాలర్లకు పది సెంట్లు మించి పన్ను వేయకూడదు. నాలుగు లక్షల డాలర్ల ఇల్లు ఉంటే ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 400 డాలర్లు. ఇల్లు చిన్నదైతే పన్నూ చిన్నదే. ఊరికి కొత్త స్టేషన్ కావాలంటే అప్పు తెచ్చే బాండ్ల మీద ఎన్నిక పెడతారు, వడ్డీ ఎంత, ఇంటి పన్ను ఎంత పెరుగుతుందో ముందే చెబుతారు. ఆ చర్చలు కూడా ఇలాగే హోరాహోరీగా నడుస్తాయి. "ఇప్పుడున్న స్టేషన్ చాలు" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

ఇంకొకటి. అమెరికాలో మంటలార్పే వాళ్ళలో సగానికి పైగా జీతం లేని వాలంటీర్లే. పల్లెల్లో మెకానిక్కులు, టీచర్లు పేజర్ మోగితే పరిగెత్తుతారు.

కరెంటు_రాజు
మన దగ్గర పేజర్ అక్కర్లేదు, గుడి మైకు చాలు. ఊరంతా ఒక్క నిమిషంలో వస్తుంది. కాకపోతే సగం మంది సెల్‌ఫోన్లతో వీడియో తీస్తారు.

రిటైర్డ్_బ్రాంచిమన్
వీడియో తీసేవాళ్ళు పక్కకు జరిగితే చాలు, అదే పెద్ద సాయం. హోసు మీద మోటార్ సైకిల్ ఎక్కించినవాళ్ళను కూడా చూశాను.

పంచాయతీ_గుమస్తా
ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి పేరు, ఊరు అడగవద్దు. నిబంధనల్లో ఉన్నది మాత్రం చెబుతాను.

రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాల్లో అగ్నిమాపక సేవలు ఉన్నాయి. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలుంటే వాటిలో ఫైర్ లేదు. అంటే పంచాయతీగా ఉన్నంతకాలం ఇది మీ సర్పంచి నెత్తిన ఉన్న బాధ్యత కాదు, పూర్తిగా రాష్ట్రానిది. మున్సిపాలిటీలకు రాసిపెట్టి ఉన్నా మన రాష్ట్రాల్లో స్టేషన్లు నడిపేది రాష్ట్ర శాఖే.

ఆర్థిక సంఘం (ఫైనాన్స్ కమిషన్) నిధులతో కట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 15వ ఆర్థిక సంఘం 2025-26 వరకు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టేశారు. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చన్నారు కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదన్నారు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, వాటితో శాశ్వత ఆస్తులు కట్టొచ్చు, నెలనెలా ఖర్చులకు ఇవ్వరు. ఎక్కడికి వెళ్ళినా మాస్టారు చెప్పిన దగ్గరే ఆగుతాం. గోడలకు డబ్బు దొరికే దారులు నాలుగున్నాయి, మనుషులకు రాష్ట్ర బడ్జెట్ ఒక్కటే.

అదే ఆర్థిక సంఘం సిఫార్సు మీద కేంద్రం 2023లో అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ అని 5,000 కోట్ల పథకం పెట్టింది. మన లాంటి రాష్ట్రాలు 25 శాతం వాటా కలపాలన్నారు. దాని గడువు 2025-26 వరకే పెట్టారు. ఆ జాబితాలో మీ మండలం పేరు ఎప్పుడైనా వెళ్ళిందా అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు.

గట్టుమీద_బాబి
కమిటీలో ఎవరికీ ఈ పథకం సంగతి తెలియదు. చాలా థాంక్స్ అండి.

సఖినేటి_కుర్రాడు
అసలు ఇంత చర్చ ఎందుకు? మన కాళ్ళ కింద గ్యాస్ తోడుకుపోయే కంపెనీలను అడగండి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రెండూ మామిడికుదురు మండలంలోనే. ప్రమాదం మాకు, లాభం వాళ్ళకు. స్టేషన్ వాళ్ళే కట్టాలి, జీతాలూ వాళ్ళే ఇవ్వాలి.

రాజోలు_ఆడపడుచు
నగరం పేలుడు తర్వాత చాలా రోజులు మా ఇంట్లో రాత్రుళ్ళు ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఏ వాసన వచ్చినా లేచి బయటకు పరిగెత్తేవాళ్ళం. ఆ కంపెనీలు ఈ ప్రాంతానికి బాకీ ఉన్నాయి, అందులో రెండో మాట లేదు.

పంచాయతీ_గుమస్తా
బాకీ ఎలా వసూలు చేయాలన్నదే చూడాలి. నేల మీద తీసే చమురు, గ్యాస్ మీద రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. జిల్లా ఖనిజ నిధి ఉంది కదా అంటారు, అది గనుల చట్టం కింద పెట్టింది, ఆ చట్టం చమురు, గ్యాస్‌కు వర్తించదు. మిగిలింది సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టాల్సిన డబ్బు. మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. దాంతో బండి కొనిపించవచ్చు, సంపు కట్టించవచ్చు. కాబట్టి రాయల్టీ తీసుకుంటున్న రాష్ట్రాన్నే జీతాలు అడగాలి. "ఈ మండలాల నుంచి మీకు వచ్చేదాంట్లో పదిహేను పోస్టులివ్వండి" అనడం న్యాయమైన మాట.

రిటైర్డ్_బ్రాంచిమన్
ఒక జాగ్రత్త. బావి, పైపులైన్ మంటలు వాటర్ టెండర్‌తో ఆరవు. గ్యాస్ ఆపకుండా మంట ఆర్పితే గ్యాస్ పోగై మళ్ళీ పేలుతుంది. మీ స్టేషన్ చేయగలిగింది చుట్టుపక్కల ఇళ్ళు చల్లబరచడం, జనాన్ని ఖాళీ చేయించడం. దానికి గ్యాస్ ఎంత వ్యాపించిందో చూసే మీటర్లు, ఫోము, శిక్షణ కావాలి. సీఎస్ఆర్ అడిగితే రిబ్బన్ కట్ చేసే బండి ఒక్కటే కాదు, ఇవీ రాయండి. 2025 అక్టోబరులో మన దగ్గర్లోనే రాయవరంలో బాణసంచా తయారీ చోట పేలుడు జరిగింది. అలాంటి చోట్లకు ముందే వెళ్ళి తనిఖీ చేయాలన్నా దగ్గర్లో స్టేషన్ ఉండాలి. మంటలార్పడం మా పనిలో సగమే.

మల్లెతోట_పద్మ
స్వాగత ద్వారం సంగతి అందరూ వదిలేశారు. దాని ఖర్చు ఎంత?

గట్టుమీద_బాబి
బోర్డు మీద 18 లక్షలని రాశారు.

మల్లెతోట_పద్మ
ఆ డబ్బుతో బ్రాంచిమన్ గారు చెప్పిన సంపు, ట్యాంకు వస్తాయి కదా!

చౌరస్తా_చంటి
ద్వారం ఊరికి గౌరవం అండి. ప్రతిదీ దానికి ముడి పెట్టకండి. ద్వారం వద్దంటే స్టేషన్ వచ్చేస్తుందా?

లంక_శ్రీను
ఇంకో సంగతి. ఆ ద్వారం ఎత్తు, వెడల్పు చూశారా? ఫైరింజన్ కింద నుంచి పడుతుందా?

రిటైర్డ్_బ్రాంచిమన్
శ్రీను సరదాగా అన్నాడేమో కానీ నిజంగా కొలవండి. ఎత్తు నాలుగున్నర మీటర్లకు తగ్గితే పెద్ద బండ్లకు ఇబ్బంది. ఫ్లెక్సీలు కిందికి వేలాడదీస్తే ఇంకా ఇబ్బంది.

చౌరస్తా_చంటి
కొలిపిస్తాను. మేస్త్రి మా బాబాయే.

నిర్వాహకుడు
ద్వారం కాంట్రాక్టు ఎవరిదన్న రెండు పోస్టులు తీసేశాం. పేర్లు వద్దు, విషయం మాట్లాడండి.

లెక్కల_మాస్టారు
నా అభిప్రాయం ఇది. చందా ఆపండి అనను, క్రమం మార్చండి అంటాను. ముందు పోస్టుల మంజూరు గురించి డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా ఏదో ఒకటి రావాలి. అప్పుడే స్థలం రిజిస్ట్రేషన్, అదీ శాఖ పేరు మీదే, కమిటీ ప్రెసిడెంట్ పేరు మీద కాదు. చందా కూడా డల్లాస్ ఆయన చెప్పినట్టు ఇంటి పన్నును బట్టి వేయండి. డాబాకు ఐదు వేలు, పెంకుటింటికి వెయ్యి, కాలనీకి ఏమీ లేదు. మొత్తం దాదాపు అంతే వస్తుంది.

కొబ్బరి_వర్తకం
మాస్టారూ, ఆ కాగితం రావడానికి మూడేళ్ళు పడితే? మూడు వేసవులు. ఆ మూడు వేసవుల్లో కాలేవాళ్ళకు ఏం చెబుతాం, ఫైలు నడుస్తోందనా? నేను వ్యాపారిని, ముందు పెట్టుబడి పెట్టకుండా ఏదీ కదలదని నాకు తెలుసు. ఊరు 70 లక్షలు బ్యాంకులో వేసి కలెక్టర్ ముందు పాస్‌బుక్ పెడితే ఆ కాగితమూ త్వరగా వస్తుంది.

మల్లన్న_కరీంనగర్
మేము గట్లనే అనుకున్నం అన్నా. పైసలు పెట్టినంక మన పట్టు పోతది. మంజూరు ముందు, రిబ్బన్ తర్వాత.

రాజోలు_ఆడపడుచు
మీ ఇద్దరూ చెప్పేది స్టేషన్ గురించే. ఈ వచ్చే ఏప్రిల్‌కు ఏం చేస్తారు? అది చెప్పండి ముందు.

రిటైర్డ్_బ్రాంచిమన్
ఆడపడుచు గారు అడిగిందే అసలు ప్రశ్న. స్టేషన్ వచ్చేలోపు చేయగలిగినవి ఉన్నాయి. తాగునీటి చెరువు పక్కన డీజిల్ పంపు, కాలనీ దాకా చాలే హోసు, ఇరవై మంది కుర్రాళ్ళు, పదిమంది ఆడవాళ్ళు. సిలిండర్ మంట ఎలా ఆపాలి, గాలి వాలులో పక్క ఇళ్ళ కప్పు ఎలా తడపాలి, 101కి ఫోన్ చేసి ఏ గుర్తులు చెప్పాలి, ఇంతే నేర్పాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళ ఆపద మిత్ర కింద శిక్షణ పొందినవాళ్ళు మీ జిల్లాలో ఉంటే వాళ్ళనూ కలుపుకోండి. ఏప్రిల్ 14 అగ్నిమాపక దినోత్సవం. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్‌మన్లు చనిపోయారు, వాళ్ళ కోసం పెట్టిన రోజు. ఆ వారమంతా స్టేషన్ సిబ్బంది పిలిస్తే వచ్చి డెమో ఇస్తారు. నేనూ వస్తాను, బస్సు ఛార్జీ కూడా వద్దు.

గట్టుమీద_బాబి
ఏప్రిల్ 14న మాకు గ్రామసభ కూడా ఉంటుంది. రాత్రి కమిటీతో మాట్లాడాను. గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టడానికి ఒప్పుకున్నారు: పదిహేను పోస్టులు, చిన్న బండి, సంపు కోరుతూ రాష్ట్రానికి ఒకటి, సీఎస్ఆర్ కోరుతూ ఒకటి. సమాచార హక్కు దరఖాస్తు నేనే రేపు పెడుతున్నాను. ఇంటి పన్నును బట్టి చందా అనగానే డాబాల వాళ్ళు ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. దాని మీద గొడవ తెగలేదు. రెండు వేల వసూలు మాత్రం గ్రామసభ దాకా ఆపారు.

చౌరస్తా_చంటి
ద్వారం కొలిపించాను. ఐదు మీటర్లు ఉంది. ఫ్లెక్సీలు కట్టనివ్వం.

కొబ్బరి_వర్తకం
నేను ఇంకా మాస్టారితో ఏకీభవించడం లేదు, గ్రామసభకు వచ్చి అక్కడే చెబుతాను. ఈలోపు ఆ యాభై వేలు పంపుకు, హోసుకు వాడండి. ఏ పంపు కొనాలో బ్రాంచిమన్ గారు చెప్పాలి.

రిటైర్డ్_బ్రాంచిమన్
కంపెనీ ఏదైనా సరే, ఇద్దరు మోయగలిగే బరువు ఉండాలి, సర్వీసు అమలాపురంలో దొరకాలి. హోసు మాత్రం వ్యవసాయానికి వాడే నీలం పైపు కొనకండి, వేడికి నిలవదు. 63 మిల్లీమీటర్ల ఫైర్ హోసు, దానికి సరిపోయే కప్లింగులు తీసుకోండి. అదే సైజు మా బండ్లకూ ఉంటుంది. పక్క మండలం బండి వచ్చాక మీ హోసు, వాళ్ళ హోసు ఒకదానికొకటి తగిలించుకోవచ్చు. కొనే ముందు కప్లింగ్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.